కొక్కేనికి సంచి

మంగళవారం, శుక్రవారం
తెల్లారగట్ల మూడున్నరకి
జీడితోటల మలుపులో నా ఆటో లైటు తిరిగేసరికి
అరుగు మీద కూర్చునే ఉంటుంది బల్లెడ లూదియమ్మ.
హారన్ కొట్టనివ్వదు.
"ఊరు లేస్తాది బావూ, నాను లేచే ఉన్నాను కదేటి."

సోంపేట ఆసుపత్రిలో నాలుగు గంటలు
ఆమె నెత్తురు బయటికొచ్చి
ఒళ్ళు కడుక్కుని మళ్ళీ ఇంటికెళ్తుంది.
ఉద్దానంలో ఇది వింత కాదు.
వీధికో మంచం, మంచానికో ఫైలు.

నాకు వింత ఆ సంచి.
తలుపు వెనక కొక్కేనికి వేలాడే గుడ్డసంచి.
ఒకసారి మోస్తూ చూశాను:
ఫైలు, దుప్పటి, గ్లాసు,
అడుగున మడత నలగని తెల్లచీర.
"ఆసుపత్రికి తెల్లచీరెందుకే అమ్మా, మరకలైపోవా?"
"అది ఆసుపత్రికి కాదురా."

అంతే.
మళ్ళీ గోతుల రోడ్డు, రాలిన జీడిపూత వాసన.

ఆదివారం మైకులో పాస్టరు గారు
యుద్ధాలు లెక్కపెడతారు, భూకంపాలు లెక్కపెడతారు.
ఆమె నవ్వుతుంది.
"తుపానుకి రేడియో సెప్పింది, దండోరా ఏసినారు,
అయినా కొబ్బరిచెట్లు ఎనిమిది పడిపోనాయి.
ఈయన సెప్పి రాడట.
మరి నానేటి సెయ్యాల?
ఈ పొద్దు బాకీ ఈ పొద్దు తీర్చీడమే."

తోటికోడలి తపేలా తిరిగిచ్చింది,
ఉత్తది ఇవ్వకూడదని గుప్పెడు పనసగింజలు వేసి.
గట్టు మీద చెట్టు కోసం
మరిదితో పదకొండేళ్ళు మాటల్లేవు.
మొన్న కాయలు దింపించి వాళ్ళింటికే పంపింది.
"కోపం పోయిందా మరి?"
"పోలేదు.
కాయలు ముందెల్లిపోనాయి,
కోపం దాని ఈలు సూసుకుని ఎల్తాది."

ఒక శుక్రవారం కరెంటు లేదు, వాన.
ముందురోజు రాత్రి తాగి పడుకున్నాను.
వెళ్ళేసరికి అయిదు దాటింది.
చూరు కింద చీకట్లో కూర్చునుంది,
సంచి తడవకుండా ఒళ్ళో పెట్టుకుని.
తిట్టలేదు.
తిడితే బాగుండేది.

"లాంతరేదమ్మా?"
"నూనె సాయిత్రమ్మకిచ్చీసినాను,
దాని గుంటకి రాత్రంతా జొరం."
సిగ్గు కప్పుకోడానికి ఎకసెక్కమాడాను:
"మైకులో విన్నాన్లే.
మీ కథలో తెలివైన అమ్మాయిలు నూనె ఇవ్వలేదు కదా!"

ఏమీ అనలేదు.
రైలుగేటు పడింది. ఇంజను ఆపాను.
దూరంగా ఏ వెలుగూ లేదు,
పట్టాలు మాత్రం సన్నగా మూలుగుతున్నాయి.
అప్పుడంది:

"అది నాకూ అర్థం కానేదురా.
ఆయనొచ్చినప్పుడు అడగాల.
అడగాల్సినవి సానా ఉన్నాయి,
కొంగున ముడేసుకున్నాను.
ఈ కిడ్నీల సంగతి కూడా."

గూడ్సు వచ్చింది.
యాభైకి పైనే పెట్టెలు.
ఒక్కో పెట్టె సందులోంచి
అవతలి తోట కాస్త కాస్తగా తెల్లబడుతూ కనిపించింది.
అద్దంలో చూశాను:
నిటారుగా కూర్చుంది,
ఎవరో పేరు పెట్టి పిలవబోతున్నట్టు.

నేను చర్చికి పోను.
పోతానని మాటివ్వలేదు, ఆమె అడగనూ లేదు.
కానీ ఆ సాయంత్రం
టీకొట్టు నీలకంఠానికి మూడొందలు కట్టేశాను.
వాడు మర్చిపోయిన బాకీ.
ఎందుకిప్పుడని అనుమానంగా చూశాడు.

పడుకోబోతూ లేచి
ఆటోలో పెట్రోలు చూసుకున్నాను,
లైటు తుడిచాను.
మర్నాడు శనివారం.
అయినా.